ఆదివారం ఫైర్‌మన్

అబ్దుల్ వాహెద్ తన భార్య సలీమాను గుర్తుపట్టడం మానేసి చాలాకాలమైంది. ఇంట్లో ఆమె ఎవరో పరాయి ఆడమనిషి. అన్నం పెడితే అనుమానంగా చూస్తాడు, స్నానానికి రమ్మంటే చెయ్యి విదిలిస్తాడు, తలుపు గడియ వేస్తే బంధించారని కిషన్‌బాగ్ సందంతా వినేలా అరుస్తాడు. సందులో వాళ్లకు అలవాటైపోయింది. సలీమాకు మాత్రం కాలేదు. జీవితమంతా కాపురం చేసిన మొగుడు ఎంతో మర్యాదగా "ఆప్ కౌన్?" అని అడుగుతుంటే, మీరెవరని వేరే వాళ్లింటికి వచ్చిన మనిషిని అడిగినట్టు అడుగుతుంటే, ఎవరికి అలవాటవుతుంది చెప్పండి.

ఒక్క ఆదివారం పూట మాత్రం ఆయన మనిషయ్యేవాడు. ఫలక్‌నుమా దాటాక ఒక పాత గూడ్సు షెడ్డులో చిన్న రైలు మ్యూజియం ఉంది. ఒక పొగ ఇంజను, ఒక పెట్టె, నాలుగు లాంతర్లు, బయట పట్టాల పక్కన చెక్క చెయ్యి ఉన్న పాతకాలం సిగ్నల్ స్తంభం. అంతే. వాహెద్ సర్వీసంతా ఆ రకం ఇంజను మీదే గడిచింది, కాచిగూడ నుంచి మహబూబ్‌నగర్ దాకా, ద్రోణాచలం దాకా. వచ్చిన జనానికి ఇంజను గురించి చెప్పడానికి ఆయన్ని వాలంటీరుగా పెట్టుకున్నారు. ఆయన్ని ఒంటరిగా వదలడానికి లేదు కాబట్టి సలీమా మెడలోనూ ఒక వాలంటీరు బిళ్ల పడింది.

మొదటి ఆదివారం ఇంజనెక్కి సీట్లో కూర్చోగానే ఆయన అవతలి సీటు వైపు తిరిగి తెలుగులో అడిగాడు.

"బాలనర్సింహ, ప్రెషర్ ఎంతుంది?"

బాలనర్సింహ ఆయన దగ్గర పనిచేసిన ఫైర్‌మన్. నల్లగొండ వైపు మనిషి, ఎప్పుడో పోయాడు. ఇంట్లో ఉర్దూ, ఇంజనులో తెలుగు, అదీ వాహెద్ లెక్క. ఆ పొద్దు ఆ సీట్లో ఉన్నది సలీమా. ఒక్క క్షణం ఆమెకు ఏడుపొచ్చింది. మరుక్షణం, "ఫుల్లుంది ఉస్తాద్" అంది. పెళ్లాంగా పనికిరాకపోతే ఫైర్‌మన్‌గా అయినా పనికొద్దామనుకుంది మరి.

ఇంజనులో ఒక పద్ధతి ఉంది. ఎదుట సిగ్నల్ కనిపించగానే డ్రైవర్ పైకి గట్టిగా చెప్పాలి. ఫైర్‌మన్ తన కళ్లతో తాను చూసి అదే మాట తిరిగి చెప్పాలి. చెయ్యి అడ్డంగా ఉంటే డేంజర్, కిందికి వంగితే డౌన్, అంటే దారి ఉందని. ఇద్దరి మాటా కలిస్తేనే బండి కదిలేది. స్టేషన్ వదిలేటప్పుడు చూసే సిగ్నల్‌ను స్టార్టర్ అంటారు. ఆయన "స్టార్టర్ డౌన్" అనేవాడు, ఆమె "స్టార్టర్ డౌన్" అనేది. ఇంక చూసుకోండి, నిప్పు లేని ఆ ఇంజనుకు ప్రాణమొచ్చేది. బొగ్గు ఎలా వెయ్యాలో, ఎక్కుడులో చక్రాలు జారకుండా పట్టాల మీద ఇసుక ఎందుకు చల్లాలో, గేటు దగ్గర బర్రెలు అడ్డమొస్తే ఏం చేసేవాడో చెబుతుంటే బార్కస్ నుంచి వచ్చిన పిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ల దాకా నోళ్లు తెరుచుకుని వినేవాళ్లు. చివర్లో ఆమె "మహబూబ్‌నగర్ వచ్చింది ఉస్తాద్" అంటే తృప్తిగా దిగేవాడు. ఆ రాత్రి కడుపునిండా తినేవాడు. రెండు మూడు రోజులు ఆమెను చూసి బెదిరిపోయేవాడు కాదు. ఆ రెండు మూడు రోజుల కోసమే సలీమా మిగతా వారమంతా బతికేది.

అలాంటిది, పోయిన రెండు ఆదివారాలు ఆయన నోరు మెదపలేదు. సీట్లో కూర్చున్నాడు, ఎదురుగా చూస్తూ అలాగే ఉండిపోయాడు. సంతోష్‌నగర్ నుంచి వచ్చిన ఒకాయన ఇంజను పిడి మీద చెయ్యి వేస్తే ఆ చెయ్యిని విసిరికొట్టాడు. ఆ వచ్చినాయన ఊరుకుంటాడా, ఫిర్యాదు చేశాడు. జబ్బు ఇంజనును కూడా తినేసింది, ఇంక ఏమీ మిగల్లేదని సలీమా ఇంటికెళ్లే ఆటోలో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఈ ఆదివారం గేటు దగ్గరే మ్యూజియం మేనేజరు జగదీశ్వర్ ఆమెను పక్కకు పిలిచాడు. చెడ్డవాడేం కాదు, ఇబ్బందిపడుతూనే చెప్పాడు.

"అమ్మా, ఇయ్యాల ట్రస్టు పెద్దాయన సామ్యూల్ సార్ వస్తున్నడు. సాబ్ మంచిగ మాట్లాడితే ఫికర్ లేదు. లేకుంటె వచ్చే వారం సంది తోల్కరాకున్రి. నా చేతుల ఏం లేదు."

"మాట్లాడ్తడు సార్" అంది సలీమా. నమ్మకం ఉండి కాదు. వేరే మాట నోటికి రాలేదు.

జనం ఇంజనెక్కారు. సామ్యూల్ కింద నిలబడి ఫోన్ పైకెత్తి పట్టుకున్నాడు, వీడియో కోసం. వాహెద్ ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు.

"ఉస్తాద్, గీ పాపకు బొగ్గెట్ల ఏస్తమో చెప్పు" అంది సలీమా.

ఉలుకూ లేదు పలుకూ లేదు.

"మరి ఎక్కుడు కాడ ఏం చేస్తుంటిమి? గిది చెప్పు."

ఏమీ లేదు. సలీమా బొగ్గు పార తానే అందుకుని, బొగ్గు ఇలా వేస్తాం, అలా వేస్తామని ఏదేదో చెప్పబోయింది. ఇన్ని ఆదివారాలు విన్నదే, ఒక్క ముక్క కుదురుగా రాలేదు. పార జారి ఇనుప నేల మీద పడింది. ఎవరో నవ్వారు. ఒక తల్లి బిడ్డ చెయ్యి పట్టుకుని దిగిపోయింది, ఆమె వెనకాల ఇంకో ఇద్దరు. సామ్యూల్ ఫోన్ దించి గడియారం చూసుకున్నాడు. సలీమా ఎవరూ చూడకుండా మొగుడి జబ్బ పట్టుకుని గిల్లింది కూడా. అనకూడదు గానీ, ఆ నిమిషంలో ఆయన మీద ఎంత ప్రేమ ఉందో అంత కోపమూ వచ్చింది.

అప్పుడు వాహెద్ తల తిప్పకుండానే అన్నాడు.

"బాలనర్సింహ, మస్తు సేపైంది. జర సిగ్నల్ కేబిన్ల అడిగి రా పో, ఎందుకు ఇస్తలేడో."

సలీమా బయటికి చూసింది. సిగ్నల్ చెయ్యి అడ్డంగా, ఎర్రగా నిలబడి ఉంది. కింద దాన్ని లాగే పిడికి గొలుసు, గొలుసుకు తాళం. ఇదివరకు పిల్లలు ఆ పిడి కోసం ఎగబడేవాళ్లు. ఎవరో ఒకరు లాగేవాళ్లు, చెయ్యి దిగేది, ఈయన బండి బయల్దేరేది. ఒక పిల్లాడి వేలు నలిగిందని దానికి తాళం వేశారు. వేసింది ఎప్పుడు? ఆయన నోరు మూతపడిన వారమే. జబ్బు కాదు, పాడూ కాదు. మనిషి డ్యూటీలో ఉన్నాడు. ఎర్ర సిగ్నల్ ముందు డ్రైవర్ ఎలా ఉండాలో అలా ఉన్నాడు. ఇంత చిన్న సంగతి తట్టనందుకు తన నెత్తి తానే కొట్టుకోవాలనిపించింది ఆమెకు.

చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని జగదీశ్వర్ దగ్గరికి పరుగెత్తింది.

"సార్, గా సిగ్నల్ తాళం తియ్యున్రి. ఆయన మాట్లాడ్తడు. సిగ్నల్ కోసమే ఆగిండు."

"తాళంచెవి వాచ్‌మన్ ప్రేమ్‌రాజ్ కాడుందమ్మా. ఇయ్యాల ఆయన రాలే. ఉన్నా గానీ, సార్ ముంగట గా తాళం తీస్తే నా నౌకరి ఉంటదా? పిల్లగాని వేలు సంగతి పెద్ద లొల్లి అయింది."

"చేతులు జోడిస్తున్న సార్."

"నన్ను పరేషాన్ చెయ్యకున్రి అమ్మా" అని అతను మొహం తిప్పుకున్నాడు.

ఇంక అడగడానికి మనిషి లేడు. సలీమా స్తంభం దగ్గరికి నడిచింది. దాని అడుగున ఒక ఇనుప కడ్డీ, కడ్డీ చివర బరువైన ఇనుప ముద్ద ఉన్నాయి. తీగ తెగినా, లాగేవాడు చచ్చినా ఆ బరువు కిందికి పడి చెయ్యి దానంతటదే డేంజర్‌కు పోతుందని వాహెద్ ప్రతి ఆదివారం జనానికి చెప్పేవాడు. అంటే బరువును ఎవరైనా పైకెత్తితే చెయ్యి దిగాలి. పిడితో పనేముంది? వంగి రెండు చేతులూ వేసి ఎత్తింది. కదల్లేదు. అల్లాను తలుచుకుని, భుజం కిందపెట్టి, నడుము విరుగుతుందా అన్నంత పనిచేసి లేచింది. పైన చెయ్యి కిర్రుమని వంగింది.

"స్టార్టర్ డౌన్" అన్న మాట వినబడింది ఇంజనులోంచి. గట్టి గొంతు. డ్రైవర్ వాహెద్ గొంతు.

ఆయన జవాబు కోసం ఆగాడు. సలీమా ఉన్నచోటి నుంచే గొంతు చించుకుంది.

"స్టార్టర్ డౌన్, ఉస్తాద్."

బండి బయల్దేరింది. ఫలక్‌నుమా, ఉందానగర్, తిమ్మాపూర్, స్టేషన్ వెనక స్టేషన్ చెప్పుకుంటూ పోతున్నాడు ఆయన. సామ్యూల్ మళ్లీ ఫోన్ పైకెత్తాడు. దిగిపోయినవాళ్లు మళ్లీ ఎక్కారు. ఎక్కనివాళ్లు కింద గుమిగూడారు, నవ్వుతున్నారు, అడుగుతున్నారు, ఆయన చెబుతున్నాడు. సలీమా ఆ బరువు కింద అలాగే వంగి ఉంది. వదిలితే చెయ్యి లేస్తుంది, లేస్తే ఆయన ఆగిపోతాడు. జగదీశ్వర్ చూశాడు. అరవబోతూ పరుగెత్తుకొచ్చాడు, ఇంజను వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూశాడు. సామ్యూల్‌కు ఆమె కనబడకుండా అడ్డంగా నిలబడ్డాడు.

"తాతా, మీకు భయం అయితుండెనా?" అని ఒక పిల్ల గొంతు అడిగింది.

"ఎందుకు భయం? బాలనర్సింహ ఉండె. ఇంటికాడ సలీమా ఉండె."

సలీమా బరువు కింద నుంచే చెవి అటు పెట్టింది.

"వాపస్ వచ్చేటప్పుడు ఫలక్‌నుమ కాడ సీటీ కొడ్తుంటి. రెండు చిన్నయి, ఒకటి పొడుగు. గది మా ఇంట్లామెకు. అంత దూరం ఏం ఇనబడ్తదని అందరు నవ్వేటోళ్లు. ఇనబడేది బిడ్డా. నేను ఇంటికి పోయెటాల్లకు రొట్టె పెనం మీద ఉంటుండె. ఒక్కనాడు చల్లటి రొట్టె తినలే నేను."

వినబడేది. నిజంగా వినబడేది. ఆ కూత విని పిండి ముద్ద అందుకునేది సలీమా. అది తన కోసమేనని ఆయన ఏనాడూ చెప్పలేదు, ఆమె ఏనాడూ అడగలేదు. ఇప్పుడు చెబుతున్నాడు, ఊరూ పేరూ తెలియనివాళ్లకు. ఆమె వెళ్లి ఎదుట నిలబడదామంటే భుజం మీద ఇనుము. వదిలితే ఆ మాట ఆగిపోతుంది, వదలకపోతే ఆ మాట దగ్గర తను లేదు. కళ్లలోంచి నీళ్లు కారి ముక్కు చివర నుంచి పడుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఇంకాసేపు, ఇంకాసేపు అని భుజాన్ని బతిమాలుకుంది. భుజం వినలేదు. బరువు ధన్‌మని పడింది.

"డేంజర్" అన్నాడు వాహెద్, మాట మధ్యలో ఆపేసి. బ్రేకు లాగాడు. మళ్లీ రాయిలా కూర్చున్నాడు.

కథ అయిపోయిందనుకుని జనం చప్పట్లు కొట్టారు.

సామ్యూల్ సంతోషంతో సలీమా దగ్గరికి వచ్చాడు. "అద్భుతం అమ్మా. మొత్తం రికార్డు చేశాను. ఇంజనులో ఒక స్పీకర్ పెట్టిస్తాను, బటన్ నొక్కితే సాబ్ గొంతే వినిపిస్తుంది. ఈ వయసులో ఆయన్ని ఆ మెట్లెక్కించడం ప్రమాదం. పడితే ఎవరు జవాబుదారీ? ఇంక హాయిగా ఇంట్లో ఉండమనండి. ఒకరోజు పిలిచి శాలువా కప్పుదాం."

సలీమాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన దారికి అడ్డంగా నిలబడింది.

"సార్, ఆయన మాట్లాడితే ఉంచుతమన్నరు."

"చాలా బాగా మాట్లాడాడమ్మా. అందుకే కదా."

"గొంతు మీ డబ్బాల ఉంటె మనిషి యాడికి పోవాలె సార్? గా సీటు లేకుంటె మా ఆయన బతకడు. నేను బతకను."

సామ్యూల్ జాలిగా తల పంకించాడు. మంచివాళ్లు జాలిపడి ఊరుకుంటే ఇంక ఎవరి కాళ్లు పట్టుకోవాలి? షెడ్డు మూసే వేళవుతోంది, సాబ్‌ను దింపుకోమని జగదీశ్వర్‌తో చెప్పించాడు.

సలీమా ఇంజనెక్కింది. జాకెట్టు భుజం దగ్గర చిరిగి తుప్పు అంటుకుని ఉంది. ఆయన్ని దింపే దారి ఆమెకు తెలుసు. ఇంకొక్కసారి ఆ బరువెత్తి, మహబూబ్‌నగర్ వచ్చింది ఉస్తాద్ అంటే చాలు, దిగేస్తాడు. దిగితే వీళ్లు మళ్లీ ఎక్కనివ్వరు.

"ఏమన్నడు కేబిన్ల?" అని అడిగాడు వాహెద్.

ఆమె ఫైర్‌మన్ సీట్లో కూర్చుంది.

"లైన్ ఖాళీ లేదంట ఉస్తాద్. ఆగాలెనంట."

"ఎంత సేపు?"

"చెప్పలే."

"డేంజర్ల ఇంజన్ ఇడిసి దిగొద్దు" అన్నాడు ఆయన.

"దిగొద్దు ఉస్తాద్."

కింద నుంచి జగదీశ్వర్ పిలిచాడు. "అమ్మా, సాబ్‌ను దింపున్రి, గేటెయ్యాలె."

"సిగ్నల్ లేదు సార్" అంది సలీమా. "డ్రైవర్ దిగడు. నేను దిగ."

జగదీశ్వర్ వెళ్లి సామ్యూల్‌ను తీసుకొచ్చాడు. ఇద్దరూ కింద నిలబడి ఏదో మాట్లాడుకుంటున్నారు. ఎంతసేపు ఊరుకుంటారో, మెట్లెక్కి చెయ్యి పట్టుకుని లాగుతారో ఏమో, ఆమె వాళ్ల వైపు చూడలేదు. వాహెద్ మెల్లగా ఆమె వైపు ఒరిగాడు.

"బాలనర్సింహ, మా ఇంటికి కబురు పంపరాదు. లేటైతదని చెప్పాలె. సలీమా పెనం పెట్టుకోని కూసుంటది."

సలీమా చిరిగిన జాకెట్టు మీదికి కొంగు లాక్కుంది.

"చెప్పిన ఉస్తాద్. ఆమెకు ఎరికె. నువ్వొచ్చేదాంక పెనం దించదు."

ఆయన తల ఊపి, సర్దుకుని కూర్చుని, ఎదురుగా చూశాడు.

"స్టార్టర్ డేంజర్."

పద్ధతి ప్రకారం ఆమె తన కళ్లతో తాను చూసింది. ఇందాక ఏ చెయ్యి దిగాలని ప్రాణం పెట్టిందో, ఆ చెయ్యి అడ్డంగా ఎర్రగా నిలబడి ఉంది.

"స్టార్టర్ డేంజర్" అంది, కింద ఉన్నవాళ్లకు కూడా వినబడేలా.