కొండకు వీపు ఆనించి

మహీధర్ మానసిక వైద్యుడు. ఎవరైనా వాస్తు పేరెత్తితే చాలు, అడగకపోయినా చేతులు తిప్పుతూ పావుగంట క్లాసు పీకే మనిషి. అలాంటివాడు ఆదివారం పొద్దున్నే మెయ్‌నూత్ అనే ఐరిష్ ఊళ్లోని తన అద్దె ఇంట్లో, ఫోన్లో దిక్సూచి చూసుకుంటూ కుర్చీలు ఈడుస్తున్నాడు.

పదకొండింటికి మైథిలి వస్తుంది. అయిదు నెలల క్రితం డండాక్ అనే ఊళ్లో ఉద్యోగం అని వెళ్లి, అక్కడే గది తీసుకుని ఉండిపోయిన భార్య. తిరిగి వస్తుందో, ఆ గదికే ఏడాది లీజు రాస్తుందో ఇవాళ చెబుతానంది.

ఈ ఈడ్పులాటకంతా కారణం ఒక బొమ్మ. వార్డులో పనిచేసే కొరియా నర్సు ఊరెళ్లొస్తూ తెచ్చిచ్చిన గుడి చిత్రం నకలు. దేవదారు లాంటి చెట్టు కింద తెల్లగడ్డం ముసలాయన, పక్కన పులి, వెనక కొండ. ఆయన కొండదేవుడట, బుద్ధుడి పేరు ఆ దేశానికి చేరకముందు నుంచీ ఉన్నవాడు. బౌద్ధులు ఆయన్ని తరిమేయలేదు. పెద్ద గుడి వెనకాల చిన్న గుడి కట్టి, ఉండవయ్యా అన్నారట. ఇల్లయినా గుడయినా వెనక కొండ, ముందు నీరు ఉంటేనే నిలుస్తుందని ఆవిడ చెప్పింది. మహీధర్ పెద్దమనిషిలా నవ్వి ఊరుకున్నాడు. ఇంటికొచ్చి చూసుకున్నాడు. నీటికి లోటు లేదు, ముందు కాలువ ఉంది, అది చాలకపోతే వాన ఉంది. కొండే లేదు. ఊరున్న కిల్డేర్ జిల్లా అంతా పెనం మీద దోసెలా సాపుగా ఉంటుంది. ఇక కొండను గోడకు అంటించుకోవాల్సిందే. మేకులు కొట్టకూడదని లీజులో ఉంది కాబట్టి జిగురు పట్టీలతో అంటించాడు.

ఇది నమ్మకం కాదనీ, దిక్కుతోచనప్పుడు మనసు చేసుకునే చిన్న తంతు మాత్రమేననీ తనకు తాను వివరించుకున్నాడు. ఆ వివరణతో ఎంత తృప్తి పడ్డాడంటే, బొమ్మను ఇంకో రెండంగుళాలు ఎడమకు జరిపాడు.

చివరికి కొండ కింద తన కుర్చీ, ఎదురుగా తలుపుకు వీపు పెట్టి మైథిలి కుర్చీ కుదిరాయి.

ఆమె వచ్చింది. కోటు విప్పకుండానే కూర్చుంది. అతను సిద్ధం చేసుకున్న మాటలు మొదలుపెట్టాడు. అవి మూడు భాగాలు. మొదటిది సగంలో ఉండగా ఆమె అతని తల మీదుగా చూస్తూ, "ఆ పులికి మెల్లకన్ను" అంది.

తర్వాత కుర్చీలను చూసింది. అతని పరీక్షలకు ప్రశ్నలడిగి చదివించింది తనే. రోగితో మాట్లాడే గదిలో తలుపు దగ్గరి కుర్చీ డాక్టరుదే, పరిస్థితి అదుపు తప్పితే ముందు బయటపడాల్సింది ఆయనే. ఆ పాఠం ఇద్దరికీ కంఠతా వచ్చు.

"పెళ్లయిన తొమ్మిదేళ్లూ ఇంట్లో కూడా తలుపు దగ్గర కుర్చీ నీదే. మాట ముదిరితే లేచి వెళ్లిపోయేవాడివి. ఇవాళ అది నాకు వేశావు. వెళ్లమనా, డాక్టరు గారూ?"

"కాదు. వీపు వెనక కొండ ఉండాలని..."

"ఎవరి వీపు వెనక?"

పొద్దుటి నుంచి ఇన్ని దిక్కులు చూసినవాడి లెక్కలో ఉన్నది ఒక్క వీపే. ఇదే పని రోగి చేసి ఉంటే అరగంట విశ్లేషించేవాడు. లేచి, ఆమెను కొండ కింద కూర్చోమన్నాడు. తను ఎదురు కుర్చీలో కూర్చున్నాకే తెలిసింది, తలుపు మళ్లీ తన వెనకే ఉందని.

"ఇప్పుడు చెప్పు. ఆ మూడు భాగాలు వద్దు."

కాళ్లు అలవాటుగా లేవబోయాయి. పులి మెల్లకన్నుతో అతన్నీ తలుపునీ ఒకేసారి చూస్తోంది.

"ఏం చెప్పాలో తెలియడం లేదు. నువ్వు రావేమోనని భయంగా ఉంది."

మైథిలి కోటు గుండీలు విప్పింది. "ఈ నెలకైతే ఆ గది లీజు మీద సంతకం పెట్టనులే" అంది.

అంతలో ఒక జిగురు పట్టీ ఊడి, కొండ ఆమె భుజం మీదికి ఒరిగింది. "పట్టుకో, పడేట్టుంది" అంది.

అతను లేచాడు. తలుపు దగ్గరి కుర్చీలోంచి లేచి, తలుపు వైపు కాకుండా వెళ్లడం అతనికి అదే మొదటిసారి. రెండు చేతులూ కొండకే సరిపోవడంతో, దాని గురించి క్లాసు పీకడానికి ఒక్క చెయ్యీ మిగల్లేదు.