నాలుగు మడతల రుమాలు

పొద్దున్నే పిన్ని కొట్టు తెరిచి, ఇస్త్రీపెట్టె వేడెక్కేలోగా టీ తాగి, ఎదురింటి పిల్లిని నాలుగు తిట్టి పనిలోకి దిగుతుంది. చొక్కాలకు ఇస్త్రీ మాత్రమే. రుమాళ్ళకు పద్యం కూడా. నాలుగు పాదాలు, నాలుగు మడతలు. పిన్ని దేన్ని దేనితో పోలిస్తే, మడత విప్పగానే అది అదైపోతుంది. గంజి కావాలంటే విడిగా అడగాలి గానీ, పద్యం అడగక్కర్లేదు.

ఆ రోజు ముక్తసరి రొప్పుతూ వచ్చాడు. గడియారాలు బాగుచేస్తాడు, మాటలు బహు పొదుపు, అందుకే ఆ పేరు. కళ్ళద్దాల కొట్టులో చూపు పరీక్షించే అమ్మాయి కోసం, నిక్షేపంలాంటి కళ్ళకు మూడు జతల అద్దాలు చేయించుకున్న ఘనుడు. వెళ్ళడం, గోడమీద అక్షరాలు చదవడం, తిరిగి రావడం. మనసులో మాట మనసులోనే.

"ఆ అమ్మాయి సాయంత్రం బండికి వెళ్ళిపోతోంది పిన్నీ. వేరే ఊళ్ళో ఉద్యోగం."

"ఇన్నాళ్ళూ బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని ఇప్పుడా రావడం? ఇటు తే రుమాలు!"

పెట్టె నొక్కుతూ పాడింది:

ఆకు మీద మంచుబొట్టు నా మాట
ఎండ తగిలితే ఉండదు
ఉన్నంతసేపూ
దాన్లో ఆకాశమంతా ఉంటుంది

అంత చిన్న పద్యంలో అంత చోటెలా పట్టిందోనని కొట్టులో ఉన్నవాళ్ళం నోళ్ళు తెరిచాం. పిల్లి కూడా.

"ఆమె ఎదుటే విప్పాలి, తెలిసిందా?"

తెలిసింది. కానీ బస్సులో ఉక్క. మన ఘనుడు అలవాటుగా రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు! రెండు మడతలు విడిపోయాయి. మొదటిదానికి బస్సంతా మంచుబొట్లు, రెండోదానికి ఎండ కాసి అన్నీ మాయం.

"పిన్ని రుమాలు తెచ్చుకుంటే చెమట తుడుచుకోవడానికి ఇంకోటి తెచ్చుకోవాలయ్యా," అని కండక్టరు కళ్ళద్దాలు తుడుచుకుంటూ విసుక్కున్నాడు.

ముక్తసరి మీసం కింద, నీడలో, ఒక్క బొట్టు మిగిలిపోయింది.

స్టేషన్లో ఆ అమ్మాయి బండి తలుపు దగ్గర నిలబడి ఉంది. అతను ఎదురుగా వెళ్ళి మూడో మడత విప్పాడు. పచ్చజెండా ఎత్తిన గార్డు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి, తీరిగ్గా ఆవలించాడు. బొట్టు ఉన్నంతసేపూ బండి కదలదు మరి. నాలుగోది విప్పాడు.

"కదలకండి," అంది ఆమె, కళ్ళద్దాల కొట్టులో అన్నట్టే. వంగి బొట్టులోకి చూసింది. "అబ్బ, ఎంత నీలం! కొంగల బారు కూడా వెళ్తోంది... ఇది ఎంతసేపుంటుంది?"

"ఇది ఉండదండీ," అన్నాడు ముక్తసరి. "నేనుంటాను."

రేకుల కిందనుంచి సాయంకాలపు ఎండ వచ్చి బొట్టును తాకింది. గార్డు జెండా ఊపాడు. బండి వెళ్ళిపోయింది. ప్లాట్‌ఫారమ్మీద ఆమె, ఆమె పెట్టె, అతనూ.

మర్నాడు ఇద్దరూ పిన్ని కొట్టుకొచ్చారు, నలిగిన రుమాలుతో.

"పిన్నిగారూ, అదే పద్యం మళ్ళీ పెడతారా? కొంగలు ఎక్కడ వాలాయో చూడలేదు."

"అదే రాదమ్మా. ఇంకోటి వస్తుంది," అంటూ పిన్ని పెట్టె అందుకుంది. "ఒరేయ్ ముక్తసరీ, అందరికీ టీ పట్రా."

వాడు టీకొట్టువాడితో కబుర్లలో పడ్డాడు. మాకు చల్లారిన టీయే దక్కింది.