బ్యాటరీలకిచ్చిన గది

"ఆడవాళ్ళ చేతిలో పెడితే ఏదైనా భద్రంగా ఉంటుందండీ సువర్ణగారూ," అన్నారు మా మేనేజరు సోమేశ్వరరావుగారు, పాత బ్యాటరీలన్నీ మా గదిలోకి మోయిస్తూ. పొగిడేరనుకోవాలి కాబోలు.

మా గది అంటే రాజోలు రోడ్డు మీద రొయ్యల కంపెనీ ఆఫీసులో, మెట్ల పక్కన, ఆడ స్టాఫ్ కోసమని ఇచ్చిన చిన్న గది. ఓ బల్ల, ఓ అద్దం, చివర బాత్రూం. అన్నిటికంటే ముఖ్యం, లోపల్నించి పడే గొళ్ళెం. ఆఫీసులో ఆడవాళ్ళం ఇద్దరమే. అకౌంట్స్‌లో నేను, కంప్యూటరు దగ్గర వీరదుర్గ. దానికి చంటిపిల్ల. మధ్యాహ్నం గొళ్ళెం పెట్టుకుని పాలు పిండుకునేది. పిండుకోకపోతే రొమ్ములు గట్టిపడి సాయంత్రానికి జ్వరం వచ్చేసేది పాపం.

మా రొయ్యలు కొనే విదేశాలవాళ్ళు ఏటా ఎవరినో ఒకరిని పంపి తనిఖీ చేయిస్తారు. పోయినసారి వచ్చినవాళ్ళు, యూపీఎస్‌ల పాత బ్యాటరీలు వానకి తడుస్తూ బయట పడున్నాయని, యాసిడ్ కారి కాలవలోకి పోతోందని గట్టిగా చెప్పి వెళ్ళేరు. న్యాయమే, నేను కాదనను. ఆ కాలవలోనే కదా కింద ఊళ్ళవాళ్ళు గిన్నెలు కడుక్కునేది. పైన కప్పుండాలట, గాలి ఆడాలట, తాళం వేసుండాలట. పాత సామాన్లవాడికి అమ్మకూడదట, రీసైక్లింగ్ కంపెనీ బండి వచ్చి పట్టుకెళ్ళాలట. ఆ బండేమో సరుకు బాగా పోగైతే గాని ఇటు రాదు. అందాకా ఎక్కడ పెట్టాలా అని వెతికితే మా గది కనబడింది ఆయనకి.

"జనరేటరు పక్కన రేకుల షెడ్డుంది కదండీ, దానికి తలుపులు పెట్టిస్తే సరిపోద్ది కదా," అన్నాను.

"అక్కడ నా కారు ఉంటుంది కదండీ. ఎండకి రంగు పోతుంది," అన్నారు ఎంతో నెమ్మదిగా. మా గోదారోళ్ళ మర్యాద ఉంది చూసేరూ, పీక మీద కాలేసినా అండీ అనే అంటారు.

ఆ గదికి ఫ్యాను పెట్టించమని నేను అడగని ఎండాకాలం లేదు. చూద్దాం అనేవారు. బ్యాటరీలు వచ్చిన మర్నాడే గోడకి కన్నం కొట్టి ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టేరు. కింద చెమ్మ తగలకుండా చెక్కపలకలు, మంటలార్పే సిలిండరు, గోడలకి కొత్త సున్నం. ఓరి దేవుడా, ఇన్నేళ్ళూ ఆ గదిలో ఉన్నది మనుషులం కామా? మాకు ఊపిరాడక్కర్లేదా? ఒళ్ళు మండిపోయింది నాకు. తలుపుకి ప్రమాదమని ఎర్రబోర్డు తగిలించి, తాళంచెవి ఆయన జేబులో వేసుకున్నారు. వారం వారం వాటిని తుడిచి చూసే పని మాత్రం నాకు అంటగట్టేరు. ఇంట్లో గిన్నెలు తోమే చేతులే కదా, ఇవీ తుడుస్తాయి. చేసేను. గ్లౌజులు తొడుక్కుని, తెల్లగా పట్టిన పొడి తుడిచి, తీగలు బిగించే మొనలు ఒకదానికొకటి తగలకుండా టేపు చుట్టేను. పగిలిన దాన్ని ప్లాస్టిక్ టబ్బులో పెట్టి బాత్రూంలోకి జరిపేను. చేతికిచ్చిన పని పాడుచెయ్యడం నాకు చేతకాదు, అదీ నా ఖర్మ.

వీరదుర్గ కొన్నాళ్ళు ఫ్యాక్టరీ వెనక, రొయ్యలు వొలిచే ఆడకూలీల బాత్రూంకి వెళ్ళింది. బయట అంతమంది వరసలో నిలబడి తలుపు కొడుతుంటే పాలేం వస్తాయి? "ఎండిపోయేయక్కా, డబ్బాపాలే పడతన్నాను," అంది ఓ రోజు, కంప్యూటరు వైపే చూస్తూ. దాని తరఫున మేనేజరు దగ్గరికి వెళ్ళేను. "బాలింత కదండీ," అన్నాను. "రూలండీ, నా చేతిలో ఏముంది," అన్నారు. ఆ నెలాఖరుకే ఉద్యోగం మానేసింది వీరదుర్గ.

ఇంట్లో చెబితే మా ఆయన బెన్నీ, "ఆ అమ్మాయి కోసం నువ్వెందుకు మాట పడటం? ఉద్యోగం ఊరికే వస్తుందా?" అన్నారు పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ. స్కూలు మేష్టారు ఆయన, చెడ్డమనిషేం కాదు. మా అత్తగారు సూరమ్మగారైతే, "మా రోజుల్లో గదులేవిటే? కొబ్బరితోటల్లోనే అన్నీ కానిచ్చేసేం," అన్నారు. నిజమే, ఆవిడకీ ఎవరూ ఏమీ ఇవ్వలేదు. అందుకనే ఇంకొకరికి ఇస్తే ఓర్చుకోలేరు.

నేను వాళ్ళెవరికీ చెప్పని మాట ఒకటుంది. ఆ గది వీరదుర్గకి ఎంత కావాలో నాకూ అంతే కావాలి. నలభై దాటేక నాకు నెలసరి అదుపు తప్పింది. రోజుల తరబడి ఆగదు. తెల్లారకుండా లేచి దుప్పట్లు ఉతుక్కుంటాను, ఆదివారం చర్చిలో వెనక బల్ల మీద కూర్చుంటాను. "స్కూల్లో పరీక్షలయ్యేక డాక్టరు దగ్గరికెళ్దాంలే," అంటారు బెన్నీ. పరీక్షలు అవుతూనే ఉంటాయి. బాలింత అంటే కనీసం అయ్యో అంటారు. నా వయసు దానికి రక్తం పోతోందంటే మొహం తిప్పుకుంటారు. అందుకే వీరదుర్గ పాల వెనక నా అవసరం దాచుకుని అడిగేను. ఆ పిల్ల వెళ్ళిపోయేక నాకు అడగడానికి నోరు లేకుండా పోయింది.

ఓ శుక్రవారం మధ్యాహ్నం కుర్చీలోంచి లేవలేకపోయేను. చీర తడిసిపోయింది. వెనక ఫైలు అడ్డం పెట్టుకుని కూలీల బాత్రూం దాకా వెళ్ళి, వరస చూసి, మళ్ళీ వచ్చి ఆ తడిచీరతోనే కూర్చున్నాను. సాయంత్రం బ్యాటరీలు తుడవడానికి తాళంచెవి ఇచ్చేరు. లోపలికి వెళ్ళి గొళ్ళెం వేసుకున్నాను. బాత్రూంలో అడుగు పెట్టే చోటంతా ఆ టబ్బే. బ్యాటరీల మధ్య నిలబడి బట్ట మార్చుకుని, గోడకి జారబడి ఏడ్చేను. వాటి మీద కొత్త ఫ్యాను చల్లగా తిరుగుతోంది. సోమేశ్వరరావుగారు తలుపు తట్టి, "అయ్యిందాండీ? తాళమిచ్చేస్తే నేను బయల్దేరతాను," అన్నారు.

ఈ ఏడు తనిఖీకి కాకినాడ నుంచి ఒకావిడ వచ్చేరు, రత్నమాలగారని. గది చూసి, "బ్యాటరీలు ఎంత పద్ధతిగా పెట్టేరండీ," అని మెచ్చుకున్నారు. మేనేజరుగారు పొంగిపోయేరు. బయటికొస్తూ ఆవిడ ఆగి, "మరి ఆడ స్టాఫ్ గది ఎక్కడండీ?" అన్నారు.

"ఇదివరకు ఇదేనండి. గది కావాలన్న అమ్మాయి మానేసింది. ఇప్పుడు ఎవరికీ అవసరం లేదండి," అన్నారాయన. నా వైపు తిరిగి నవ్వుతూ, "అంతే కదండీ సువర్ణగారూ?" అన్నారు.

ఈ మాటతో రేపు నా కుర్చీ ఉంటుందో ఊడుతుందో. బెన్నీ మొహం గుర్తొచ్చింది. పిల్లల జ్వరానికని సెలవు అడిగేను, అత్తగారి మోకాళ్ళకని డబ్బు అడిగేను, వీరదుర్గకని గది అడిగేను. ఇన్నేళ్ళ బతుకులో నా ఒక్కదాని కోసమని ఏదీ అడిగిన గుర్తు లేదు.

"నాకు అవసరమండీ," అన్నాను. రత్నమాలగారి వైపు తిరిగేను. "నాకు ఆగకుండా రక్తం పోతోంది. బట్ట మార్చుకోడానికి చోటు లేదు. ఈ గది నాకు కావాలి."