ఆరిన స్లైడు

గొంతుగడ్డలోంచి సూదితోని తీసిన కణాలను స్లైడు మీద పరిచినంక వెంటనే స్పిరిట్‌ల ముంచాలె. గొంతుల గడ్డతోని యాదలక్ష్మి వచ్చిన దినం నల్లగొండ ల్యాబుల స్పిరిట్ సీసా ఖాళీ. వారం సంది అడిగి అడిగి టెక్నీషియన్ నిహారికకు నోరు నొచ్చింది. "ఫ్యాను కింద ఆరబెట్టు, ఏం గాదు" అన్నడు పెద్ద డాక్టరు.

ఆరిన కణం అట్టు లెక్క పరుచుకుంటది, లోపలి కేంద్రకం గూడ క్యాన్సర్ కణంల లెక్క పెద్దగ కనబడ్తది. అది తెలిసి గూడ నిహారిక స్లైడును ఫ్యాను కిందనే ఆరబెట్టింది. కంప్యూటరు వంద కేంద్రకాలను వెంట్రుకవాసి తేడా లేకుంట కొలిచి, క్యాన్సర్ అనుమానం అన్నది. యాదలక్ష్మి గొంతులున్న థైరాయిడ్ గ్రంథి మొత్తం కోసి తీసిండ్రు, దాని బదులు రోజూ మింగెతందుకు గోలీ రాసిండ్రు. తీసినదాన్ని పరీక్ష చేస్తే క్యాన్సర్ జాడనే లేదు.

"ఇప్పుడు క్యాన్సర్ లేదని చెప్పు. ముందుగాల గూడ లేకుండెనని చెప్పకు" అన్నడు డాక్టరు, సిగ్గు లేకుంట.

ఇయ్యాల యాదలక్ష్మి నకిరేకల్ నుంచి గంపెడు సీతాఫలాలు మోసుకొచ్చింది. "నువ్వు కొలవకుంటే సచ్చిపోతుంటి బిడ్డా" అని నిహారిక చేతులు కండ్లకద్దుకున్నది. "గీ గోలీ ఇంకెన్ని దినాలు మింగాలె?"

"బతికినన్ని దినాలు" అన్నది నిహారిక, తలెత్తకుంట.

"పోనీ తియ్యి, పానమైతే దక్కింది గదా" అని యాదలక్ష్మే ఆమెను ఊరడించింది.