వాడరేవుకు పోయిన సీసం డబ్బా

"ఇచ్చింది మీరు సార్! గది ఖాళీ చెయ్యి, పనికిరానివన్నీ నువ్వే పట్టుకుపో అన్నది మీ నోరే. ఇప్పుడు నన్ను దొంగంటారా?"

ఆదెమ్మ చీపురు కింద పడేసి మరీ అడిగింది. యూనివర్సిటీ ల్యాబు ఊడవడం ఆమె పని. ఎదురుగా నిలబడ్డ సంజీవరావు ఆ ల్యాబుకు పెద్ద. పత్తి చేలల్లో నేల తేమ కొలిచే పరికరం ఆయనది. పాత గది ఖాళీ చేస్తే అందులో చెత్త ఊడ్చేవాళ్ళదే. ఎప్పటినుంచో అంతే, ఎవరూ కాదనరు. విరిగిన కుర్చీలు, తుప్పు రేకులు అలాగే ఇళ్ళకు చేరాయి. ఈసారి బరువైన సీసం డబ్బా చేరింది.

"దానిమీద పసుప్పచ్చ కాగితం ఉంది కదా, చూళ్ళేదా?"

"చూశా. మూడు రెక్కల బొమ్మ. ఫ్యాను కంపెనీదనుకున్నా. అదేంటో మాకు ఎవరన్నా చెప్పారా?"

ఆయన చొక్కాకు చిన్న బ్యాడ్జి ఉంది. ఒంటికి రేడియేషన్ ఎంత తగిలిందో దాన్నిబట్టి తెలుస్తుంది. ల్యాబులో చదువుకున్నవాళ్ళందరికీ ఉంది. ఊడ్చేవాళ్ళకు లేదు.

"డబ్బా ఎక్కడ?"

"వాడరేవులో, మా తమ్ముడు మరియదాసు దగ్గర. నిన్న వచ్చి పట్టుకెళ్ళాడు. కరిగించి వలకు బరువు బిళ్ళలు పోసుకుంటాడు."

సంజీవరావు ఆమెను వెంటబెట్టుకుని జీపు దగ్గరికి పరిగెత్తాడు. జీపు కదిలాక గానీ అసలు సంగతి చెప్పలేదు. డబ్బాలో, తేమ కొలిచే పాత పరికరంలోంచి తీసిన వేలి కొసంత ఉక్కు గుండు ఉంది. దాన్నుంచి వచ్చే రేడియేషన్ కంటికి కనపడదు, వేడి తెలియదు, ఒంటిని లోపల్నుంచి కాలుస్తుంది. అది బయటికి రాకుండా ఆపడానికే అంత సీసం.

దారి పొడుగునా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. జీపు నడిపే జాన్ బాషా హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు.

"ఆదెమ్మక్కా, మీవాడు పొద్దున్నే పనిలో దిగుతాడా?"

"వాడా? ఎండెక్కితేగానీ లేవడు. ప్రభువా, ఈ ఒక్కరోజుకూ వాడి బద్ధకం ఇంకాస్త పెంచు!"

"ఈ సంగతి బయట ఎక్కడా అనకండి," అన్నాడు సంజీవరావు. "పేపర్లో పడితే ల్యాబు మూసేస్తారు."

"ముందు అక్కడ పొయ్యి ఆర్పుదాం సార్. మా నోళ్ళు తర్వాత మూద్దురుగాని," అన్నాడు జాన్ బాషా.

వాడరేవులో పొయ్యి మండుతూనే ఉంది. మూకుట్లో సీసం కరుగుతోంది. పక్కన లుంగీ ఎగ్గట్టుకుని మరియదాసు.

"ఏంటక్కా, జీపులో దిగావ్! ఎమ్మెల్యేవయ్యావా?"

"డబ్బాలో గుండు ఏదిరా?"

"ఆ బుల్లిదా? నిన్న సాయంత్రం మూత ఊడగొడితే బయటపడింది. ఉక్కుది, కరిగేది కాదు. నున్నగా బాగుందని దాచుకున్నా." రొంటి మీద తట్టి చూపించాడు. "రాత్రి నుంచీ ఇక్కడే ఉంది."

సంజీవరావు నాలుగడుగులు వెనక్కి వేశాడు. ఆదెమ్మ ముందుకు ఉరికింది.

"దగ్గరికి పోవద్దు!" అని అరిచాడాయన.

ఆదెమ్మ ఉన్నచోటనే ఆగిపోయింది. "లుంగీ విప్పి అవతల పడెయ్యరా!"

"నలుగురి ముందా? నీకేమన్నా పిచ్చా?"

"విప్పరా! చచ్చిపోతావ్!"

అక్క గొంతు విని వాడి నవ్వు ఆగిపోయింది. లుంగీ లాగి పారేసి, నిక్కరుతో పడవల వైపు పరిగెత్తాడు. లుంగీలోంచి గుండు జారి ఇసుకలో పడింది. పడింది, కనపడలేదు.

సంజీవరావు జీపులోంచి రేడియేషన్ పసిగట్టే మిషను తెచ్చి ఇసుక మీద అటూ ఇటూ తిప్పాడు. టిక్కు టిక్కుమనేది ఒకచోట గోలగోలగా మోగింది. పొడవాటి పట్టకారుతో ఇసుక కెలికి, గుండు పట్టి, జీపులో తెచ్చిన కొత్త సీసం డబ్బాలో వేసి మూత బిగించాడు.

"దొరికింది. ఇక భయం లేదు."

అప్పుడు మరియదాసు నడుం చూపించాడు. అరచెయ్యంత మేర ఎర్రగా కందిపోయింది. "పొద్దుట్నుంచీ మంటక్కా. చీమ కుట్టిందనుకున్నా."

సంజీవరావు అది చూసి, తల తిప్పుకుని జీపెక్కబోయాడు. ఆదెమ్మ జీపుకు అడ్డంగా నిలబడింది.

"ఎవరికి లేదు సార్ భయం? మీ ల్యాబుకా? ముందు మావాడు ఎక్కాలి, ఇదే జీపులో, గుంటూరు పెద్దాసుపత్రికి. వీడికి ఏం తగిలిందో, ఎవరి వల్ల తగిలిందో డాక్టరుకు మీ నోటితో మీరే చెప్పాలి. నయమయ్యేదాకా ఖర్చు మీదే. రేపు పొద్దున ఊడ్చేవాళ్ళందరికీ ఆ బ్యాడ్జీలివ్వాలి. ఆ బొమ్మేంటో తలుపు మీద తెలుగులో రాయాలి. చదువురానివాళ్ళను కూచోబెట్టి చెప్పాలి. అప్పటిదాకా మీ ల్యాబులో ఒక్క చీపురు ఆడదు. ఏం చూస్తారు సార్, ఎక్కించండి వాణ్ణి!"