ఎడమ కాలి లారీ

"దిగమ్మా. ఈ లారీ దాటదు," అన్నాడు తనిఖీ అధికారి.

గేటు పక్కన జీపుకి ఆనుకున్న బావగారు పళ్ళన్నీ బయటపెట్టాడు. లారీ దిగిన బూట్ల షెడ్డు యజమానురాలి భర్తకి ఆయన స్వయానా అన్న. ఏళ్ళ తరబడి ఈ సరిహద్దులో ఆయన మాటే సుంకం. అడ్డదారిన సరుకు దాటించి, సగం లాభం మింగేవాడు.

ఇప్పుడు చుట్టుపక్కల పేద దేశాలన్నీ ఒక ఒప్పందానికొచ్చాయి. తమలో తాము తయారుచేసుకున్న సరుకుకి సుంకం లేదు. పక్క దేశం తోలు, ఆ పక్క దేశం రబ్బరు, ఆమె షెడ్డులో కుట్టు. ఆ బూట్లు ఈ వారమే తొలిసారి దర్జాగా పెద్దగేటు గుండా వెళ్తున్నాయి. దళారితో పనిలేదు. అదీ బావగారి కడుపుమంట.

లారీలోంచి దింపిన పెట్టె తెరిచి, అధికారి ఒక బూటు తిరగేశాడు. అడుగున సముద్రాల అవతలి పెద్ద దేశం ముద్ర!

"బయటి సరుకు మన సరుకని దాటిస్తావా? అనుమతి రద్దు చేస్తాను."

అనుమతి పోతే షెడ్డుకి తాళమే.

"చిలక్కి చెప్పినట్టు చెప్పాను మరదలా," అన్నాడు బావగారు. "నా చేతికిచ్చి ఇంట్లో కూర్చుంటే పోయేదిగా!"

"మీ చేతికిస్తే పోయేది సరుకే."

ఆమె చూపు తెరిచిన పెట్టె మీద పడి ఆగింది.

"సార్, ఇంకో పెట్టె విప్పండి."

విప్పాడు. అన్నీ ఎడమ కాలివే. మరొకటి. అవీ ఎడమవే.

"ఇదేంటమ్మా, ఒంటికాలి సైన్యానికి పంపుతున్నావా?"

"కుడివి నిన్న దాటాయి సార్. దారిలో దొంగలు మా లారీలు కొట్టేసేవాళ్ళు. ఒంటికాలి బూటు ఏ దొంగకీ అమ్ముడుపోదు. అందుకే ఎడమవి ఒక లారీలో, కుడివి ఇంకో లారీలో పంపడం మా అలవాటు. మీరు మొదట తెరిచిన ఈ పెట్టెలో చూడండి, జతలున్నాయి. ఇది నాది కాదు."

"మరి పెట్టెల లెక్క సరిపోయిందే?"

"ఒకటి లోపలికొచ్చిందంటే ఒకటి బయటికెళ్ళుండాలి. పొద్దున టైరు పంక్చరై బావగారి గోడౌను ముందే ఆగాం. మా డ్రైవర్‌నీ నన్నూ లోపల కూర్చోబెట్టి మరీ టీ పోయించారు. ఎన్నడూ లేని ప్రేమ!"

అధికారి జీపు వైపు నడిచాడు. బావగారు అడ్డమొచ్చాడు. "నా బండి ముట్టుకుంటే మర్యాద దక్కదు!"

"పక్కకి జరుగు."

జీపు వెనక సరుకు మీద కప్పిన పట్టా లేచింది. కింద ఆమె షెడ్డు ముద్రతో పెట్టె. ఊరికే వచ్చిన సరుకు పారేయడానికి ఆయనకి చేతులు రాలేదు. అధికారి మూత పీకాడు. అన్నీ ఎడమ కాలివే.

బావగారి మొహంలో నెత్తుటి చుక్క లేదు. "మరదలా, ఇంటి పరువు... మనవాడేనని ఒక్క మాట చెప్పవే!"

"మీరు పెట్టె మార్చినప్పుడు గుర్తురాలేదా, బావగారూ, సరుకు మనదేనని?"

ఆమె అధికారి వైపు తిరిగింది. "ఆ పెట్టె ఇప్పించండి సార్. అవతల కుడికాళ్ళు ఎదురుచూస్తున్నాయి."

గేటు లేచింది.