ఎర్ర కాలు, ఆకుపచ్చ కాలు

మ్యూజియంలో పక్షుల విభాగం చూసే ఆమెకు పొద్దుటి నుంచీ ఫోటోలతోనే సరిపోయింది. జనం పంపుతారు, ఆమె పేర్లు చెబుతుంది. సాయంత్రానికి కళ్ళు మంటలెత్తాయి. కంప్యూటర్ కట్టేయబోతుంటే అక్క నుంచి ఇంకొకటి వచ్చింది.

ఆసుపత్రి కిటికీ అద్దంలోంచి ఫోనుతో తీసిన ఫోటో. బురదనీళ్ళలో బూడిదరంగు ముద్ద, దానికి పొడుగాటి ముక్కు. ఒక కాలు ఎర్రగా, ఇంకోటి ఆకుపచ్చగా ఉంది.

వెంటనే అక్క ఫోన్ చేసింది. "ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ మీ బావ నోరు విప్పలేదే. ఇవాళ దీన్ని చూసి, ఏం పిట్టో నిన్నడగమన్నారు. ఏదో ఒక పేరు చెప్పెయ్. నాకు మాట్లాడే ఓపిక కూడా లేదు."

"రెండు రంగుల కాళ్ళ పిట్ట ఉండదక్కా."

"ఉందని చెప్పు. ఆయనేమన్నా లేచెళ్ళి చూస్తారా?"

ఆమెకూ అదే తేలిక. ఏదో పేరు నోటిదాకా వచ్చింది కూడా. కానీ అడిగింది బావ. "కాసేపాగు" అని ఫోన్ పెట్టేసింది.

పెద్దది చేస్తే ఫోటో గళ్ళుగళ్ళుగా విడిపోయింది. వెలుతురు పెంచింది, తగ్గించింది. బురదలో పురుగులు ఏరుకునే ఎర్రకాళ్ళ ఉల్లంకి పిట్ట అనుకుందామంటే ముక్కు మరీ పొడుగు, కొస కాస్త పైకి తిరిగింది. పచ్చకాళ్ళ ఉల్లంకి అయితే ఆ ఎర్ర కాలేమిటి? విసుగొచ్చి కుర్చీలో వెనక్కి వాలింది. దూరం నుంచి చూస్తే ఆ ముద్దలో రెండు వీపులు కనిపించాయి.

ఫోన్ చేసి బావకిమ్మంది.

"బావా, అది ఒక పిట్ట కాదు. రెండు ఉల్లంకులు, ఎర్రకాళ్ళదొకటి, పచ్చకాళ్ళదొకటి. ఒకదాని వెనక ఒకటి, చెరో కాలు పైకి ముడుచుకుని నిలబడ్డాయి. ఆ ముక్కు ముందుదానిది. వెనకది రెక్కల్లో తల దూర్చుకుంది."



"ఒంటికాలి మీద ఎందుకమ్మా?" ఆయన గొంతు బొంగురుపోయింది.

"అలసిపోతే అలాగే కునుకు తీస్తాయి బావా."

"మీ అక్కకూ నేర్పించు. ఈ స్టూలు మీద నిద్ర పట్టక చస్తోంది."

అక్క నవ్వడం వినిపించింది. ఆ నవ్వు కాస్తా ఏడుపయింది. ముక్కు చీదుకుని ఫోన్ తీసుకుంది. "ఇప్పటిదాకా ముట్టని సూప్ తాగుతారటే."

"పట్టు. రేపు నేనొచ్చి కూర్చుంటాను, నువ్వు ఇంటికెళ్ళి పడుకో."

వద్దనే ఓపిక అక్కకు లేదు.